మణికట్టుకు కట్టుకున్న రాగి తీగ

సర్వర్లో పాడైన మెమరీ తీసి కొత్తది పెట్టడం పెద్ద పనేమీ కాదు. చేయి తిరిగినవాడికి పది నిమిషాలు చాలు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆ పని నేను ఎన్నిసార్లు చేశానో గుర్తు లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గరికి వచ్చి, ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ ఉంటే జీతం పెరుగుతుంది అని అడుగుతుంటారు. అవి నాకంటే బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఓబులేసు గురించి. ఆయన ఈ పని చేస్తూనే పోయాడు. ఆయన్ని వదిలేసి తక్కినవన్నీ రాస్తే నా ఉద్యోగం గురించి అబద్ధం రాసినట్టు అవుతుంది.

మా పని ఏమిటంటే

నాది పరిగి. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికొచ్చాక, తొంభైల మొదట్లో, బెంగళూరులోని ఒక కంప్యూటర్ సర్వీసు కంపెనీలో చేరాను. కంపెనీ నన్ను హిందూపురంలో పెట్టింది. ఆఫీసంటే బస్టాండు వెనక ఒక గది, ఒక బల్ల, ఒక టెలిఫోను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మధ్యలో ఉన్న చిన్న ఊళ్ళు, వీటన్నిటికీ ఇద్దరమే. నేనొకణ్ణి, ఓబులేసు ఒకడు.

ఓబులేసుది పెనుకొండ. డిప్లొమాలు లేవు. రేడియోలు, టీవీలు రిపేరు చేసుకునే కొట్టు ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్దవాడైనా ఇద్దరం 'ఏమబ్బా' అంటే 'ఏమబ్బా' అనుకునేవాళ్ళం. మిషను విప్పేటప్పుడు మరలన్నీ వేరుసెనక్కాయలు కట్టిచ్చిన కాగితం పొట్లంలో వేసుకుని, మూత బిగించే ముందు లెక్కపెట్టేవాడు. ఒక మర తక్కువైతే అది దొరికేదాకా టీ కూడా ముట్టేవాడు కాదు. పక్కన నిలబడ్డ ఆఫీసరు తిట్టినా ఆ లెక్క ఆగేది కాదు. నేను చదువుకున్నవాణ్ణి కదా, ఆ లెక్క చూసి మొదట్లో నవ్వుకునేవాణ్ణి.

చాలా మంది అనుకున్నట్టు ఈ పనిలో కష్టం మిషనుతో ఉండదు. పని ఆగిపోయి కూర్చున్న మనుషులతో ఉంటుంది. మనం లోపలికి అడుగు పెట్టేసరికే వాళ్ళు రెండు రోజుల కోపం మూటగట్టుకుని ఉంటారు. నోరు తెరవగానే "ఎంతసేపు పడుతుంది" అంటారు. ఆ ప్రశ్నకు భయపడి తొందరపడ్డవాడే తప్పు చేస్తాడు. నా తప్పులన్నీ అట్లా చేసినవే.

మొదటి తప్పు, మొదటి అబద్ధం

చేరిన ఏడాది ఎండాకాలంలో హిందూపురంలోని ఒక నూలు మిల్లుకు మెమరీ మార్చడానికి వెళ్ళాను. మెమరీ అంటే చిన్న దువ్వెన అంత పచ్చటి పలక. దాని మీద నల్లటి చిప్పులు, అడుగున వరసగా బంగారు రంగు పళ్ళు ఉంటాయి. నేను టెర్లిన్ చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ చాప మీద నడుచుకుంటూ వెళ్ళి, ఆ పళ్ళ మీదే వేళ్ళు పెట్టి పట్టుకుని బిగించాను. మిషన్ లేచింది. మిల్లువాళ్ళు మజ్జిగ ఇచ్చి పంపించారు.

మూడు వారాలు తిరక్కుండానే అది రోజుకు నాలుగుసార్లు ఆగిపోవడం మొదలుపెట్టింది. మా మొదటి మేనేజరు మూర్తి గారు బెంగళూరు నుంచి స్వయంగా వచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే పెద్దమనిషి. పలకను యాడ పట్టుకున్నావని అడిగాడు. అంచుల దగ్గరే పట్టుకున్నానని చెప్పాను. ఆయన నా ముఖం చూశాడు. సంచిలోంచి భూతద్దం తీసి, ఆ పలకతో పాటు నా చేతిలో పెట్టి, దెబ్బ ఎక్కడ తగిలిందో వెతకమన్నాడు. పావుగంట వెతికాను. ఏమీ కనిపించలేదు.

"కనపడదు," అన్నాడు. "మన ఒంట్లో ఉండే స్టాటిక్కు దానికి పిడుగంత. పడిన రోజే చావదు. కుంటుకుంటూ నెల రోజులు నడిచి, అప్పుడు చస్తుంది. నీ తప్పని ఎవరికీ తెలీదు. నీకు మాత్రం తెలియాలి."

మన సీమ ఎండల్లో ఈ స్టాటిక్ సంగతి అందరికీ తెలిసిందే. నైలాన్ దుప్పటి లాగితే చిటపటలాడుతుంది, తల దువ్వుకుంటే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. దానికి విరుగుడుగా మణికట్టుకు కట్టుకునే పట్టీ ఒకటి ఉంటుంది. దాని నుంచి చుట్టలు చుట్టలుగా ఒక తీగ వస్తుంది. తీగ చివరి క్లిప్పును మిషను ఇనుప భాగానికి తగిలిస్తే మన ఒంట్లోని స్టాటిక్ మెల్లగా దిగిపోతుంది. మూర్తి గారు ఆ రోజు తన పట్టీ నాకిచ్చాడు. ఆ తీగలో ఒక చిన్న రెసిస్టర్ దాగి ఉంటుందని, పొరపాటున ఇనుములోకి కరెంటు వచ్చినా అది మన దాకా రాకుండా ఆపుతుందని చెప్పాడు. "అది చిప్పు కోసం పెట్టింది కాదు, నీ కోసం," అన్నాడు. నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఓబులేసుకు కూడా చెప్పాను.

ధర్మవరంలో తయారు చేసిన తీగ

మూర్తి గారు రిటైరయ్యాక వచ్చిన మేనేజరును పేరు పెట్టి పిలవడం ఇష్టం లేదు. మేనేజరు అనే అంటాను. చెడ్డవాడేమీ కాదు. ఆయనకు ప్రతి ఊరూ తన బల్ల మీది కాగితంలో ఒక గీత. ఆ గీత ఎదురుగా పని అయిందా, కాలేదా, అంతవరకే.

రెండువేలు దాటాక మా ఊళ్ళలోకి కూడా ర్యాకు సర్వర్లు వచ్చాయి. బీరువా ఎత్తు ఇనుప ఫ్రేము, అందులో సొరుగుల్లా ఒకదాని మీద ఒకటి బిగించిన మిషన్లు. ఊళ్ళోవాళ్ళంతా వాడే సమాచారం వాటిలోనే ఉంటుంది. అప్పటికి నా పట్టీ తీగ లోపల తెగిపోయింది. ఓబులేసుకు అసలు పట్టీనే ఇవ్వలేదు. రెండుసార్లు ఫోన్ చేసి అడిగాను. వచ్చే స్పేర్లతో పాటు పంపిస్తానన్నాడు మేనేజరు. స్పేర్లు వచ్చేవి, పట్టీలు వచ్చేవి కావు.

ధర్మవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్వరు మెమరీ పాడై మాటిమాటికీ తనంతట తనే ఆగి లేస్తుండేది. రక్తపరీక్షల ఫలితాలన్నీ దానిలోనే ఇరుక్కుపోయాయి. మిషను బరువైనది కాబట్టి ఇద్దరం వెళ్ళాం. వరండాలో పేషెంట్లు కాగితాల కోసం నేల మీద కూర్చుని ఉన్నారు. డాక్టరు గది బయటికొచ్చి మమ్మల్ని చూసి, గడియారం చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళాడు. తిట్టినా అంత కంగారు పడేవాణ్ణి కాదు.

పని వరస ఇది. ముందు అందరి చేతా పని సేవ్ చేయించి, అడిగి, మిషను సరిగ్గా ఆఫ్ చేయాలి. వెనక కరెంటు వైర్లు పీకాలి. లోపల మిగిలిన కరెంటు పోవడానికి స్విచ్చి ఒకసారి నొక్కి వదలాలి. మిషను ముందుకు లాగి మూత తీసి, ఏ మెమరీ పోయిందో ఆఫ్ చేయకముందు తెర మీద చూసి రాసుకున్న నంబరుతో గుర్తుపట్టాలి. రెండు వైపులా ఉన్న కొక్కేలు తెరిచి, పాతది పైకి లాగి, కొత్తదాన్ని అంచులు పట్టుకుని, గాడి చూసుకుని, రెండు కొక్కేలూ టక్కుమని పడేదాకా సమానంగా నొక్కాలి.

నేను ఒక వైరు పీకి మూత మీద చేయి వేశాను. ఓబులేసు నా చేయి పట్టుకుని ఆపాడు.

"ఇంగో వైరు ఉండాది చూడబ్బా."

నిజమే. ఆ సర్వర్లకు రెండు కరెంటు వైర్లు ఉంటాయి, ఒకటి పోతే ఇంకొకటి ఉండేట్టు. పుస్తకంలో చదివి కూడా మరిచిపోయాను. చదవనివాడు చూశాడు.

తరువాత పట్టీ సంగతి వచ్చింది. బస్టాండు దగ్గర ఎలక్ట్రికల్ కొట్టుకు పోయి నాలుగు మూరల రాగి తీగ, మొసలి నోటిలా పట్టుకునే క్లిప్పులు రెండు తెచ్చాను. ఒక చివర తొక్క వొలిచి, మణికట్టు చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, మెలి తిప్పాను. ఇంకో చివర క్లిప్పు బిగించి ఫ్రేముకు తగిలించాను. ఓబులేసు చూస్తూ కూర్చుని, "దాంట్లో ఏదో రెసిస్టర్ ఉంటాదని మూర్తి సార్ చెప్పినాడంటివి గదా?" అన్నాడు.

నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"రెండు వైర్లూ పీకినాం. ఇంగ కరెంటు యాడ్నుంచి వస్తాది?"

ఆయన ఒక క్షణం ఆలోచించి తలాడించాడు. చదువుకున్నవాడు చెప్పాడు కదా. మెమరీ మార్చాం, మిషను లేచింది, కాగితాలు కదిలాయి. సాయంత్రం బస్సు కోసం కూర్చున్నప్పుడు మిగిలిన తీగతో ఓబులేసుకు కూడా ఒకటి చేసిచ్చాను. నాదానికంటే శుభ్రంగా చేశాను. చేతికి గుచ్చుకోకుండా మెలి కొసలు లోపలికి మడిచాను.

పెనుకొండ కాలేజీ

తరువాత రెండేళ్ళు వానలు లేవు. పెనుకొండలో ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. అక్కడి ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సెంటరు ఉండేది. ర్యాకు, రెండు సర్వర్లు, యూపీఎస్, ఒక ఏసీ. రెండు రోజుల్లో పిల్లలకు ప్రాక్టికల్ పరీక్షలనగా ఒక సర్వరు మెమరీ పోయింది. బెంగళూరు నుంచి పలక వచ్చింది. పెనుకొండ ఓబులేసు చూసుకునే ఊరు కాబట్టి ఆయనే తీసుకెళ్ళాడు. ఆ పార్సిల్ మీద స్టాటిక్ తగలకూడదని పెద్ద అక్షరాలతో మూడు వైపులా ముద్రించి ఉంది. పట్టుకునే మనిషి గురించి ఏ వైపూ ఏమీ లేదు.

ఆ రోజు ఏం జరిగిందో సెంటరు ఇన్‌చార్జి సరళ మేడం నాకు చెప్పింది. పోలీసులకూ అదే చెప్పింది. ఓబులేసు మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. అక్కడి నియమం ప్రకారం చెప్పులు బయట విడిచాడు. అందరి చేతా పని సేవ్ చేయించాడు. సర్వరు ఆఫ్ చేసి రెండు వైర్లూ పీకి, ఆమెకు చూపించి మరీ పక్కన పెట్టాడు. ర్యాకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చేతికి తీగ కట్టుకుని, క్లిప్పు ఫ్రేముకు తగిలించాడు. అప్పుడు కరెంటు పోయింది. ఏసీ ఆగింది. ఏసీ కింద కారిన నీళ్ళు ర్యాకు దాకా పారి ఉన్నాయి. కరెంటు వచ్చాక మూత తీస్తానని ఆయన అట్లాగే కూర్చున్నాడు. ఆమె కూతురు ఏం చదువుతోందని అడిగాడట.

కరెంటు వచ్చింది. లైట్లు మిణుకుమని ఆరిపోయాయి. ఓబులేసు అరవలేదు. ముందుకు వంగి ఫ్రేముకు నుదురు ఆనించాడు. లోపలికి తొంగి చూస్తున్నాడనుకుంది ఆమె. రెండుసార్లు పిలిచింది. తరువాత అటెండరు పరిగెత్తి మెయిన్ స్విచ్చి దించాడు. కొత్త పలక ఉన్న వెండి రంగు కవరు విప్పకుండా ఆయన ఒళ్ళోనే ఉంది.

నేను బస్సు దిగి ఆసుపత్రికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. తీగ ఇంకా చేతికే ఉంది. కింద చర్మం నల్లబడింది. డాక్టరు అది చూపించి ఇదేమిటయ్యా అని అడిగాడు. నేను చేసిన మెలి, నేను లోపలికి మడిచిన కొసలు. తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

కరెంటు వచ్చిన దారి

మూడో రోజు మేనేజరు ఫోన్ చేశాడు. ఓబులేసు గురించి రెండు మాటలు బాధగా అని, కాలేజీలో పరీక్షలు ఆగిపోయాయి, ఆ మెమరీ సంగతి చూడమన్నాడు. వెళ్ళాను. ఏదీ ముట్టుకోకుండా ముందు గోడకున్న సాకెట్లన్నీ విప్పించాను.

కరెంటు ఒక తీగ మీద వచ్చి, న్యూట్రల్ అనే ఇంకో తీగ మీద తిరిగి వెళ్తుంది. మూడోది ఎర్తు. ఏదైనా తేడా వస్తే కరెంటును భూమిలోకి దించడానికి ఉండేది. ఎర్తు తీగ బయట ఒక గుంతలోకి దిగుతుంది. ఆ గుంత తడిగా ఉంటేనే పని చేస్తుంది. ఆ కాలేజీ గుంత రాయిలాగా ఎండిపోయి ఉంది. ఎర్తు సరిగా లేదని యూపీఎస్ రోజంతా కూస్తుంటే, ఎలక్ట్రీషియన్ రామాంజి సాకెట్లో ఎర్తునూ న్యూట్రల్‌నూ చిన్న తీగతో కలిపేశాడు. కూత ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం కరెంటు తిరిగి వచ్చిన నిమిషాన మెయిన్ బోర్డు దగ్గర వదులుగా ఉన్న న్యూట్రల్ ఊడిపోయింది. ఏసీ గుండా, లైట్ల గుండా వచ్చిన కరెంటుకు తిరిగి వెళ్ళే దారి లేక, ఆ చిన్న తీగ మీదుగా ఎర్తులోకి, అక్కణ్ణుంచి రెండో సర్వరు వైరు గుండా ర్యాకు ఫ్రేముకంతా ఎక్కింది. ఓబులేసు పీకిన రెండు వైర్లకూ దీనికీ సంబంధమే లేదు. ధర్మవరంలో నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

ఒట్టి చేయి తగిలి ఉంటే విసిరికొట్టి బతికేవాడేమో. నిజమైన పట్టీ కట్టుకుని ఉంటే ఆ తీగ గుండా చీమ కుట్టినంత కూడా తెలిసేది కాదు. ఒట్టి రాగి తీగ ఆయన్ని ఫ్రేముకు కట్టి పట్టుకుంది. కాళ్ళ కింద నీళ్ళు.

రామాంజి నా ఎదురుగా గొంతుకూర్చుని నేల చూస్తూ చెప్పాడు. "అది అరుస్తాంటే దినామూ తిట్లు పడ్తాండె సార్. అట్ల కడ్తే నోరు మూసుకునె. ఇట్లయితాదని నాకేం తెలుసు." గుంతలో రోజూ రెండు కడవల నీళ్ళు పోయాల్సింది అటెండరు. ఆ నీళ్ళు హాస్టలు వంటకు ఇస్తున్నానన్నాడు. పిల్లలు తాగడానికి లేని నీళ్ళు గుంతలో ఎట్లా పోసేది అన్నాడు. ఇద్దరినీ తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళిద్దరూ తాము చేసింది దాచకుండా చెప్పారు. నేను ఇంకా చెప్పలేదు.

ఆ చిన్న తీగ తీయించి, న్యూట్రల్ బిగింపజేసి, కొత్త గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు, నీళ్ళు పోయించేసరికి రెండు రోజులు పట్టింది. మేనేజరు రెండుసార్లు ఫోన్ చేసి చిరాకుపడ్డాడు. ఆ తరువాత ఓబులేసు ఒళ్ళో దొరికిన అదే పలకను, అదే మిషనులో నేనే పెట్టాను. కొక్కేలు పడ్డాయి. మిషను లేచింది.

నేను రాసిన రిపోర్టు

మేనేజరు హిందూపురం వచ్చి నన్ను రెండే అడిగాడు. ఆ తీగ కంపెనీ ఇచ్చిందా? కాదన్నాను. మరి ఎవరు చేశారు?

"ఆయనే చేసుకున్నాడు సార్," అన్నాను.

అదే కాగితం మీద పెట్టమన్నాడు. పెట్టాను. న్యూట్రల్ గురించి, గుంత గురించి పూర్తిగా, నిజాయితీగా రాశాను. తీగ గురించి ఒక్క వాక్యం. పట్టీలు అడిగినా పంపలేదని రాయలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. కేసు నా మీదికి వస్తుందన్న భయం అంతకంటే ఎక్కువ ఉంది. వీటిలో ఏదీ సాకు కాదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని కంపెనీ ఓబులేసు ఇంటికి ఇంగ్లీషులో ఉత్తరం పంపింది. అనుమతి లేని పరికరం వాడి, తన అజాగ్రత్త వల్లే చనిపోయాడని. ఆయన భార్య లక్ష్మీదేవికి కంపెనీలో ఏదో ఒక పని ఇప్పిస్తామన్న మాట దానితో ఆగిపోయింది. కాలేజీ కూడా ఆ ఉత్తరాన్నే చూపించి చేతులు దులుపుకుంది. మరలు లెక్కపెట్టుకునే మనిషిని ఊరంతా అజాగ్రత్త మనిషి అన్నారు.

ఏడాదికి పైగా పెనుకొండకు వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళ వీధి తప్పించుకుని చుట్టూ తిరిగి పోయాను.

ఓబులేసు స్థానంలో గోరంట్ల నుంచి శాంతకుమారి అనే అమ్మాయి చేరింది. పని నేర్పిస్తూ ఒకరోజు ఆమెతో, "ఓబులేసు మాదిరి అజాగ్రత్తగా చేయొద్దు," అన్నాను. నా నోటి నుంచే వచ్చింది. ఆ అమ్మాయి స్క్రూడ్రైవరు కింద పెట్టి అడిగింది.

"ఆయన అంత అజాగ్రత్త మనిషా సార్?"

అబద్ధం ఏడాది పాటు మోస్తే అది మన మాటల్లో కలిసిపోతుంది, మనమే నమ్మడం మొదలుపెడతాం. ఆ రోజు నాకు ఓబులేసు చావు కంటే కూడా నా మీద నాకే భయం వేసింది. మరుసటి ఆదివారం పెనుకొండ వెళ్ళాను.

లక్ష్మీదేవి

ఆమె వసారాలో మిషను ముందు కూర్చుని జాకెట్లు కుడుతోంది. నన్ను చూసి, "రా అన్నా," అని స్టూలు చూపించింది. నేను కూర్చోకుండానే చెప్పాను. పట్టీలు అడగడం, ధర్మవరం, ఆయన అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు, బస్టాండులో చేసిచ్చిన తీగ, నా రిపోర్టు. కుట్టుమిషను ఆగింది.

"ఇదంతా నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

"ఆ పొద్దే తెలుసమ్మా. ఆసుపత్రిలో చేయి చూసినప్పుడే."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. దారం తెంపి, కుడుతున్న జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. "మా అమ్మి ట్యూషనుకు పోయింది. వస్తాది, ఉండు. నాకు చెప్పినట్ల దానికీ చెప్పు. వాళ్ళ నాయన మతి లేక సచ్చిపోయినాడని దాంతో కాలేజీలో పిల్లోళ్ళు అంటాండారు."

రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ఆమె మళ్ళీ మిషను తొక్కుతూనే ఉంది. మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే నాకు కాస్త నయమనిపించింది.

కూతురు రేణుక ఇంటర్ చదువుతోంది. నిలబడే విన్నది. వాళ్ళ నాయన లాగే మధ్యలో ఆపి, అర్థం కానిది అడిగింది. న్యూట్రల్ ఊడితే ఇనుములోకి ఎట్లా వస్తుందని అడిగితే, నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. అంతా అయ్యాక లోపలికి పోయి ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇదంతా రాసియ్యండి. ఇంగ్లీషులో రాయండి. వాళ్ళు ఇంగ్లీషులోనే గదా రాసినారు."

రెండు ప్రతులు రాసి సంతకం పెట్టాను. ఒకటి వాళ్ళకు, ఒకటి కంపెనీకి.

ఆ కాగితం వల్ల ఏమైందంటే, పెద్దగా ఏమీ కాలేదు. మేనేజరు నాతో మాట్లాడటం మానేశాడు. కొన్ని నెలలకు అన్ని ఊళ్ళ ఇంజనీర్లకూ పట్టీలు వచ్చాయి, వాటితో పాటు ఒక్క ముక్క ఉత్తరం కూడా లేదు. లక్ష్మీదేవికి పంపిన ఉత్తరాన్ని కంపెనీ వెనక్కి తీసుకోలేదు. కాలేజీ ఏమీ ఇవ్వలేదు. నా మీద కేసు రాలేదు. ఇంతకాలం నేను భయపడింది అసలు జరగనే లేదు. శాంతకుమారికి నేను చెప్పిన మొదటి పాఠం మార్చి చెప్పాను. మిషను ముట్టుకోకముందు మీటరు పెట్టి ఫ్రేములో కరెంటు ఉందేమో చూడు, తడి నేల మీద కూర్చోవద్దు, కాళ్ళకు చెప్పులుండాలి, ఎవరేమన్నా సరే. కంపెనీ ఇవ్వాల్సింది ఇవ్వకపోతే పని ఆపి ఇంటికి రా. పని ఆగినందుకు ఎవరూ చావరు. చస్తామని బెదిరిస్తారు, అంతే. పైవాడు చెప్పిన మాట నీకు అర్థం కాకపోతే తలాడించవద్దు, మళ్ళీ అడుగు. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే మీ అందరికీ నేను చెప్పేది కూడా అదే.

పెనుకొండలో ఆ ఆదివారం సాయంత్రం కాగితాలు రాసిచ్చి బయటికొచ్చాను. గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే రేణుక వెనకాలే వచ్చింది.

"మామా, ఆ మిషను బాగయిందా?"

బాగయిందన్నాను. ఎవరు చేశారని అడిగింది. నేనే చేశానన్నాను.

"మా నాయన చేసుంటే గూడా బాగయ్యేది గదా?"

"అయ్యేదమ్మా. నాకంటే బాగా చేస్తాండె."

ఆమె చేతిలోని కాగితం వైపు చూసుకుంది. "ఆ మాట దీంట్లో యాడా రాయలేదే," అంది.

చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి వెళ్ళాను. రెండు ప్రతులూ తీసుకుని, సంతకం కింద ఖాళీలో ఇంకో రెండు వాక్యాలు రాశాను. ఓబులేసుకు పని బాగా వచ్చు. ఆ రోజు ఆయన తనకు నేర్పిన ప్రతి పనీ నేర్పినట్టే, తప్పు లేకుండా చేశాడు.

లక్ష్మీదేవి కుట్టుమిషను ఆపి, అది చదివి వినిపించమంది. తెలుగులో చదివి వినిపించాను.